అనుపానమే విషమైనప్పుడు

మన పెద్దలకు అనుపానమను మాట సుపరిచితము. ఒకే మాత్రను తేనెతో రంగరించి యిచ్చినచో ఒక విధముగను, అల్లపు రసముతో ఇచ్చినచో మరియొక విధముగను పనిచేయునని వైద్యులు చెప్పుచుండెడివారు. మందు ఎంత ముఖ్యమో, మందును లోనికి కొనిపోవు వస్తువు కూడ అంత ముఖ్యమని దీని భావము. నేటి ఔషధ పరిశ్రమలోను ఈ అనుపానమునకు సాటియైన వస్తువులున్నవి. దగ్గుమందు సీసాలోని తీయని పాకము, మాత్ర పొడియై రాలిపోకుండ పట్టియుంచు పిండి, లేపనములోని మైనము, మందు పాడుకాకుండ కలుపు రక్షక ద్రవ్యము - ఇవి అన్నియు ఆ కోవలోనివే. అయితే ఆధునికులు వీనికి పెట్టిన పేరు వేరు. వీనిని "నిష్క్రియ ద్రవ్యములు" అన్నారు. అనగా శరీరములో ఏ పనియు చేయనివి.

ఈ వ్యాసమున విమర్శింపదలచినది ఈ పేరును, దీనితోపాటు తరచు వినవచ్చు మరియొక మాటను. ఆ రెండవది "ఆమోదము పొందిన పదార్థము" అనునది. టూత్‌పేస్టు గొట్టము మీదను, ముఖలేపనపు డబ్బీ మీదను, మందుల ప్రకటనలలోను ఈ అర్థము వచ్చు మాటలు కనబడగనే మనకు ధైర్యము కలుగును. ఆ ధైర్యమునకు ఆధారమెంత? గ్లిసరిన్ అను ఒక్క పదార్థపు చరిత్రను తీసికొని ఈ ప్రశ్నను పరిశీలింతము.

గ్లిసరిన్ - దాని దాయాది

నూనెల నుండి, కొవ్వుల నుండి సబ్బు తయారుచేయునపుడు గ్లిసరిన్ వెలువడును. అది రంగులేని చిక్కని ద్రవము, తియ్యగా ఉండును, నీటిలో సులభముగ కలియును, గాలిలోని తేమను పీల్చుకొనును. కావున చర్మలేపనములలో చర్మము ఎండిపోకుండుటకును, టూత్‌పేస్టు గట్టిపడకుండుటకును, దగ్గుమందులలో తీపికి, చిక్కదనమునకును దీనిని వాడుదురు. శుద్ధమైన గ్లిసరిన్ తగు పరిమాణములో హానికరము కాదు. ఇంతవరకు దాని కీర్తి సహేతుకమే.

దీనికి ఒక దాయాది కలదు. దాని పేరు డైఎథిలీన్ గ్లైకాల్. ఇదియు రంగులేని ద్రవమే, ఇదియు తియ్యగనే ఉండును, నీటిలో కలియును. బ్రేకు ద్రవములలోను, రెజిన్‌ల తయారీలోను, ఇంకను అనేక కర్మాగారములలోను ఇది ఉపయోగపడుచున్నది. కంటికి, నాలుకకు ఈ రెంటికిని భేదము తెలియదు. కాని రసాయన శాస్త్రజ్ఞుని కొలతలకు భేదము స్పష్టము. గ్లిసరిన్ 290 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. డైఎథిలీన్ గ్లైకాల్ 245 డిగ్రీల వద్దనే మరుగును. గ్లిసరిన్ సాంద్రత నీటికి 1.26 రెట్లు, రెండవదానిది 1.12 రెట్లు మాత్రమే.

శరీరములో ఈ భేదము మరింత ఘోరముగ బయటపడును. డైఎథిలీన్ గ్లైకాలును కాలేయములోని ఎంజైములు మార్పుచేసి, చివరకు డైగ్లైకాలిక్ ఆమ్లమును తయారుచేయును. ఆ ఆమ్లము మూత్రపిండములలోని సన్నని నాళికల కణములలో పేరుకొని వానిని చంపును. మొదట వాంతులు, కడుపునొప్పి. తరువాత మూత్రము తగ్గిపోవుట, నిలిచిపోవుట. కొందరిలో నరములు కూడ దెబ్బతినుట. చిన్నపిల్లల శరీరభారము తక్కువ కావున కొద్ది మోతాదే వారికి ప్రాణాంతకమగును.

1937 నాటి గుణపాఠము

ఇక చరిత్రకు వత్తము. 1937లో సల్ఫనిలమైడు అను మందు అమెరికాలో గొప్ప పేరుతో వాడుకలో ఉండెను. గొంతునొప్పి మొదలుకొని అనేక సూక్ష్మజీవి రోగములలో అది నిజముగనే పనిచేయుచుండెను. అయితే అది మాత్రగను, పొడిగను మాత్రమే దొరకుచుండెను. పిల్లలు త్రాగుటకు వీలైన ద్రవరూపము కావలెనని కోరిక పుట్టెను. టెనెస్సీ రాష్ట్రములోని ఒక కంపెనీ రసాయనజ్ఞుడు, సల్ఫనిలమైడు డైఎథిలీన్ గ్లైకాలులో చక్కగా కరగునని కనుగొనెను. 72 శాతము ఆ ద్రవము, కొంత నీరు, కోరిందపండు రుచి చేర్చి "ఎలిక్సిర్" అను పేరున 240 గాలన్లు తయారుచేసిరి. రంగు చూచిరి, వాసన చూచిరి, రుచి చూచిరి. విషమా, కాదా అని మాత్రము చూడలేదు. చూడవలెనని ఆనాటి చట్టము అడుగలేదు.

సెప్టెంబరులో సరకు బయలుదేరెను. అక్టోబరులో ఓక్లహోమా రాష్ట్రములోని టల్సా నగరము నుండి మరణవార్తలు వచ్చెను. ఫెడరల్ ఆహార ఔషధ శాఖ తనకున్న 239 మంది ఇన్‌స్పెక్టర్లను, రసాయనజ్ఞులను దాదాపు అందరిని రంగములోనికి దింపి, ఊరూర, ఇంటింట వెదకి, 234 గాలన్లను స్వాధీనము చేసికొనెను. మిగిలిన కొద్ది గాలన్లకే 105 మంది బలియైరి. వారిలో 34 మంది పిల్లలు.

ఇందు గమనింపదగిన సంగతులు రెండున్నవి. మొదటిది: చంపినది మందు కాదు, అనుపానము. "క్రియాశీల" ద్రవ్యమైన సల్ఫనిలమైడు నిరపరాధి. "నిష్క్రియ" మనుకొన్నదే ప్రాణములు తీసినది. రెండవది: 105 మంది మరణమునకు చట్టము మోపగలిగిన నేరమేమి? సారాయము లేని ద్రవమునకు "ఎలిక్సిర్" అని తప్పు పేరు పెట్టుట! సీసా మీద ఆ మాటకు బదులు "ద్రావణము" అని వ్రాసియున్నచో ఆ నేరమైనను నిలిచెడిది కాదు. కంపెనీ 26,100 డాలర్ల జరిమానా చెల్లించి బయటపడెను.

ఈ అవమానము నుండియే 1938 జూన్ 25న అమెరికాలో క్రొత్త ఆహార, ఔషధ, సౌందర్యద్రవ్యముల చట్టము వచ్చెను. క్రొత్త మందును బజారులో పెట్టుటకు ముందు అది సురక్షితమని చూపవలెనను నియమము అప్పుడే పుట్టినది. డైఎథిలీన్ గ్లైకాల్ విషప్రభావమును ఆనాడు షికాగో విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో పరిశీలించినవారిలో ఫ్రాన్సిస్ కెల్సీ అను విద్యార్థిని యుండెను. 1960లో థాలిడోమైడు అను మందును అమెరికాలోనికి రానీయక అడ్డగించిన అధికారిణి ఆమెయే.

ఆమోదము దేనికి?

1938 చట్టముతో సమస్య తీరినదని అనేక గ్రంథములు కథను ముగించుచున్నవి. మా విమర్శ ఇచటనే ప్రారంభమగుచున్నది.

"ఆమోదము పొందిన పదార్థము" అనగా ఏమి? ద్రవీభవన స్థానము వలె ఆమోదము పదార్థములో నిలిచియుండు గుణమని సామాన్యుడు భావించును. ఒకసారి మంచిదని తేలినచో ఎచటనైనను, ఎంతయైనను, ఎవరికైనను మంచిదే యనుకొనును. నిజము అది కాదు. అమెరికాలో సహాయక ద్రవ్యములకు విడిగా ఆమోదము ఇచ్చు పద్ధతి సాధారణముగ లేదు. ఆమోదము పూర్తి మందుకు లభించును. అట్లు లభించిన మందులలో ఏ సహాయక ద్రవ్యము, ఏ మార్గమున, గరిష్ఠముగ ఎంత వాడబడినదో ఆ దేశపు శాఖ ఒక పట్టికగా ప్రకటించుచున్నది. నోటి ద్వారా ఇచ్చుటకు తగినది సూది ద్వారా ఇచ్చుటకు తగకపోవచ్చును. కావున ఆమోదమనునది "ఈ పదార్థము, ఇంత పరిమాణములో, ఈ మార్గమున, ఈ ఉపయోగమునకు" అను నాలుగు పాదముల వాక్యము. అందులో ఒక పాదమును తీసివేసినచో మిగిలినది సగము సత్యము.

దీనికి రెండు దుఃఖకరమైన నిదర్శనములు చెప్పవచ్చును. బెంజైల్ ఆల్కహాల్ చిరకాలముగ వాడుకలోనున్న రక్షక ద్రవ్యము. సూదిమందులలోను, సౌందర్య లేపనములలోను అది కలదు. పెద్దవారి శరీరము దానిని సులభముగ మార్చి విసర్జించును. కాని నెలలు నిండక పుట్టిన శిశువుల కాలేయమునకు ఆ శక్తి చాలదు. రక్తనాళములలో అమర్చిన గొట్టములను కడుగుటకు బెంజైల్ ఆల్కహాల్ కలిపిన ఉప్పునీటిని వాడగా, అమెరికాలో రెండు వైద్యకేంద్రములలో 16 మంది శిశువులు ఊపిరి ఎగబీల్చుచు మరణించిరి. 1982లో ఈ సంగతి బయటపడెను. పదార్థము పాతదే, మనిషి మాత్రము క్రొత్తవాడు.

రెండవది సౌందర్యద్రవ్యమునకు సంబంధించినది. హెక్సాక్లోరోఫీన్ అను సూక్ష్మజీవనాశకము సబ్బులలోను, పౌడర్లలోను విరివిగ వాడబడుచుండెడిది. 1972లో ఫ్రాన్సు దేశమున పసిపిల్లలకు పూయు టాల్కం పౌడరులో అది పొరపాటున 6 శాతము పైగా కలియుట వలన 36 మంది పిల్లలు చనిపోయిరి. చర్మము మీద చల్లినది మెదడు వరకు పోయి నాడీకణములను చెరచినది. "పైపూతయే కదా" అను మన ధైర్యమునకు ఇది సమాధానము.

ఈ రెండు ఉదాహరణములు చాలును. "నిష్క్రియ" మనునది శాస్త్రీయ వర్ణన కాదు. ఈ మందులో ఈ వస్తువును చికిత్స కొరకు చేర్చలేదని చెప్పు వాడుకమాట మాత్రమే. చికిత్స చేయనిది హాని కూడ చేయదని దాని నుండి తేల్చుట తర్కదోషము.

కాగితము - పీపా

ఒక పదార్థమునకు ఆమోదము నాలుగు పాదములతోను సక్రమముగనే ఉన్నదనుకొందము. అప్పుడైనను ఇంకొక ప్రశ్న మిగులును. ఆమోదము గ్లిసరిన్‌కు ఇచ్చితిమి. పీపాలో ఉన్నది గ్లిసరినేనా?

2006 నాటికి మధ్య అమెరికాలోని పనామా దేశమునకు 46 పీపాల "గ్లిసరిన్" చేరియుండెను. చైనాలో బయలుదేరి, స్పెయిన్ మీదుగ, వర్తకుల చేతులు మారుచు వచ్చిన సరకు అది. దానితో వచ్చిన ధ్రువపత్రముపై 99.5 శాతము శుద్ధమని ఉండెను. మొదటి పేరు "టిడి గ్లిసరిన్". ఆ "టిడి" చైనా భాషలో "బదులు వస్తువు" అను అర్థమిచ్చు మాటకు సంక్షేపమని తరువాత తెలిసినది. సరకు చేతులు మారునప్పుడు ఆ రెండక్షరములు రాలిపోయినవి. పనామా ప్రభుత్వపు ప్రయోగశాలయే దానిని నమ్మి 2,60,000 సీసాల దగ్గుమందులోను, ఇతర మందులలోను కలిపెను. వందకు పైగా ప్రజలు మరణించిరి. ప్రతి వర్తకుడును తనకు ముందటి వర్తకుని కాగితమును నమ్మెను. ఎవరును పీపా మూత తీసి పరీక్షింపలేదు.

మరుసటి సంవత్సరము, 2007లో, అదే పనామాలో ఒక సామాన్యుడు అంగడిలో టూత్‌పేస్టు గొట్టమును చేతికి తీసికొని పదార్థముల పట్టిక చదివెను. అందు డైఎథిలీన్ గ్లైకాల్ అని స్పష్టముగ అచ్చువేసియుండెను! ఆయన అధికారులకు తెలుపగా, విషయము అనేక దేశములకు ప్రాకి, ఆ సరకు బజారు నుండి తొలగింపబడినది. అదే సంవత్సరము జూలైలో చైనా ప్రభుత్వము టూత్‌పేస్టులో ఆ పదార్థమును నిషేధించెను. విచిత్రమేమనగా, మందు పీపా మీది కాగితము అబద్ధమాడినది. టూత్‌పేస్టు గొట్టము నిజమే చెప్పినది, కాని అంతవరకు చదివి పట్టించుకొన్నవారు లేకపోయిరి. పళ్లకు పూయునది సౌందర్యద్రవ్యము, త్రాగునది మందు అని చట్టము విభజించును. రసాయన పరిశ్రమలో రెంటికిని మూలమైన పీపా ఒక్కటే.

మన యింటి సంగతి

ఇతర దేశముల తప్పులను ఎన్నుట సులభము. మన దేశపు లెక్క చూచినచో తల వంచుకొనవలసి వచ్చును. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో మెదడు, కన్ను మొదలగు భాగములలో ఒత్తిడి తగ్గుటకై ఇచ్చిన గ్లిసరిన్ కల్తీదై 14 మంది రోగులు మరణించిరి. న్యాయమూర్తి లెంటిన్ విచారణసంఘము కొనుగోలు నుండి అనుమతుల వరకు ఉన్న లోపములను బయటపెట్టెను. 1998లో గుర్‌గాఁవ్‌లో దగ్గుమందు త్రాగి 33 మంది పిల్లలు చనిపోయిరి. 2019 డిసెంబరు, 2020 జనవరి నెలలలో జమ్మూ ప్రాంతమున ఉధంపూర్ జిల్లా రామ్‌నగర్‌లో పదిమందికి పైగా పిల్లలు. 2022లో మన దేశములో తయారై గాంబియాకు పంపబడిన మందులతో సుమారు 70 మంది పిల్లల మరణములకు సంబంధము కలదని విచారణలు తేల్చెను. ఆ తరువాత 2023 జూన్ నుండి, ఎగుమతి కానున్న దగ్గుమందును ముందుగా ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షింపవలెనను నియమము వచ్చెను. దేశములోపల అమ్ము సీసాకు ఆనాడు అట్టి నియమము పెట్టలేదు. పరదేశపు పిల్లవానికి ఉన్న రక్షణ మన పిల్లవానికి లేకపోవుట కంటె విపరీతమేమి కలదు?

ఆ విపరీతమునకు ఫలితము 2025లో కనబడినది. మధ్యప్రదేశ్ చింద్వాడా జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఇరువదిమందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. వారు త్రాగిన దగ్గుమందు తమిళనాడులో తయారైనది. అచటి ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షలో డైఎథిలీన్ గ్లైకాల్ 48.6 శాతము తేలెను. అనుమతింపదగిన హద్దు 0.1 శాతము. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడ ఆ విడత సరకును వాడవద్దని ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను. ఒక రాష్ట్రపు పీపా మరియొక రాష్ట్రపు పిల్లలను చంపి, మూడవ రాష్ట్రమును భయపెట్టినదన్న మాట.

మన చట్టములో లోపమున్నదా? ఇచట న్యాయముగ మాటలాడవలెను. 1940లో ఔషధముల చట్టము వచ్చెను. 1962 సవరణ ద్వారా సౌందర్యద్రవ్యములు దానిలో చేరెను. ఆ చట్టపు నిర్వచనమును చదివినచో, మందులో భాగముగ వాడుటకు ఉద్దేశించిన పదార్థములన్నియు, ఖాళీ జెలటిన్ గొట్టములతో సహా, ఔషధములేయని స్పష్టముగ ఉన్నది. "నిష్క్రియ" మను భేదము ఆ నిర్వచనములో లేదు. ముడిపదార్థపు ప్రతి విడతను, తయారైన మందు ప్రతి విడతను పరీక్షింపవలెనను నియమములును ఉన్నవి. కల్తీచే ప్రాణహాని కలిగినచో యావజ్జీవ శిక్ష వరకు విధించు సవరణ 2008లోనే వచ్చెను. చట్టపు వాక్యము వర్తకుని వాడుకమాట కంటె వివేకవంతమైనది. లోపము ఆ వాక్యమునకును పీపాకును నడుమ ఉన్నది.

చిన్న కర్మాగారముల వారు ఒక మాట చెప్పుదురు: విలువైన పరికరములు మాకెక్కడివి, ప్రతి పీపాను పరీక్షించుట ఎట్లు అని. ఈ వాదన పూర్తిగ త్రోసిపుచ్చదగినది కాదు. గాస్ క్రొమటోగ్రాఫ్ వంటి యంత్రము ఖరీదైనదే. కాని పలుచని పొర మీద పదార్థములను విడదీసి మచ్చలుగా చూపు సులభ పద్ధతి కలదు. దానితో మొదట జల్లెడ పట్టి, అనుమానము కలిగిన వానినే పెద్ద యంత్రమునకు పంపవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ నోటిమందులకు ఇట్టి రెండంచెల పరీక్షను వివరించి ప్రకటించినది. సొంత ప్రయోగశాల లేనివారు ఆమోదము పొందిన ఇతర ప్రయోగశాలలో చేయించుకొనుటకు మన నియమములు వీలిచ్చుచునే ఉన్నవి. అంతమాత్రము కూడ చేయలేని కర్మాగారము పిల్లల మందు తయారుచేయవలసిన అగత్యమేమి?

అధికారుల మాటల మీద కూడ ఒక విమర్శ చేయక తప్పదు. పరీక్షలో తప్పిన మందులన్నిటికిని "ప్రామాణిక నాణ్యత లేనివి" అను ఒకే శీర్షిక తరచు వాడబడుచున్నది. తగు కాలములో కరగని మాత్రయు, సగము విషముతో నిండిన పాకమును ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన నిలిచినచో చదువువానికి ప్రమాదపు తీవ్రత తెలియునా? 1937లో "ఎలిక్సిర్" అను మాట చుట్టు తిరిగిన న్యాయమునకును దీనికిని గల పోలిక పాఠకులే ఊహింతురు గాక.

కావలసినది క్రొత్త చట్టముకంటె మూడు చిన్న అలవాట్లు. గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ వంటి తీయని ద్రవముల ప్రతి పీపాను మూత తీసి పరీక్షించిన తరువాతనే వాడుట. ఆ ఫలితమును సీసా విడత సంఖ్యతో ముడిపెట్టి ఎవరైనను చూడదగినట్లు ఉంచుట. ఎగుమతి సీసాకును ఇంటి సీసాకును ఒకే కొలత పాటించుట. అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథము 2009 నుండి, గ్లిసరిన్‌ను "గ్లిసరినే" అని గుర్తించు పరీక్షలోనే డైఎథిలీన్ గ్లైకాల్ హద్దును చేర్చినది. పేరు ఒప్పుకొనుటకు ముందే విషము లేదని తేలవలెనను పద్ధతి మంచిది.

ఇక గృహస్థులు చేయదగినదేమి? ఇంటిలో రుచి చూచియో, వాసన చూచియో ఈ విషమును కనుగొనుట అసాధ్యము. అట్టి ప్రయత్నము చేయరాదు. పసిపిల్లల సామాన్యపు దగ్గు చాలవరకు మందు లేకయే తగ్గును. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో వైద్యులకు తెలిపినది. వైద్యుడు వ్రాసి యిచ్చినచో ఆ మందునే, బిల్లుతో కొని, పిల్లవాడు పూర్తిగ కోలుకొనువరకు సీసాను పారవేయక దాచవలెను. మందు త్రాగిన తరువాత వాంతులు, మగత కనబడినను, మూత్రము తగ్గినను, ఆ సీసాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. ఆ సీసా మీది విడత సంఖ్య ఒక్కటే ఒక్కొక్కప్పుడు ఊరిలోని మిగిలిన పిల్లలను కాపాడును.